పంచాయతీ ప్రణాళికతో ఊరికి ఫలితం రావాలంటే: జీపీడీపీ తయారీ, అమలు, సమీక్ష

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను అందరూ జీపీడీపీ అంటారు. అది ఇప్పుడు ప్రతి పంచాయతీలోనూ ఏటా తయారవుతోంది. అయితే వాటిలో చాలా భాగం నిజానికి ప్రణాళికలు కావు, పనుల జాబితాలు. ఒకటో వార్డులో సీసీ రోడ్డు, రెండో వార్డులో సైడు కాలువ, మూడో వార్డులో వీధి దీపాలు అని వరుసగా రాసి, ఒక్కొక్క దాని ఎదుట అంచనా మొత్తం వేసి, గ్రామసభ తీర్మానం జతచేసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే పని పూర్తయినట్టే లెక్క. ఐదేళ్ళ తర్వాత ఆ ఊరికి వెళ్ళి చూస్తే రోడ్లు కనబడతాయి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే వీధి మాత్రం అలాగే ఉంటుంది. డబ్బు ఖర్చయింది, పనులూ జరిగాయి, అయినా ఊరి ప్రధాన సమస్య కదల్లేదంటే లోపం అమలులో కంటే ముందు ఎంపికలోనే ఉందని అర్థం.

ప్రణాళిక వేసే బాధ్యత పంచాయతీలకు కొత్తగా వచ్చింది కాదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలో భాగమైన 243జి అధికరణం ఆర్థికాభివృద్ధికీ, సామాజిక న్యాయానికీ ప్రణాళికలు తయారుచేసే అధికారాన్ని పంచాయతీలకు కల్పించే వీలును రాష్ట్రాలకు ఇచ్చింది. అందుకు తగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చారు. అయితే చేతిలో డబ్బు లేని సంస్థకు ప్రణాళిక అధికారం ఉన్నా అది కాగితానికే పరిమితం. కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే 14వ ఆర్థిక సంఘం 2015-20 కాలానికి కేటాయించిన గ్రామీణ నిధులను గ్రామ పంచాయతీలకే ఇవ్వాలని చెప్పిన తర్వాతే జీపీడీపీ దేశమంతటా ఒక క్రమమైన కార్యక్రమంగా మారింది. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న ‘సబ్‌కీ యోజన, సబ్‌కా వికాస్’ పేరుతో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలవుతోంది. తెలంగాణలో దాదాపు రెండేళ్ళ ప్రత్యేకాధికారుల పాలన తర్వాత 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. మొదటిసారి సర్పంచులైనవారు, వార్డు సభ్యులైనవారు, వారితో కలిసి పనిచేసే పంచాయతీ కార్యదర్శులు, గ్రామసభకు వెళ్ళి ఏం అడగాలో తెలియక వెనుక వరుసలో నిలబడే గ్రామస్థులు, వీరందరినీ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా చేతిలోని డబ్బు ఎంతో తేల్చుకోవాలి

కోరికలు అడగడంతో మొదలైన ప్రణాళిక జాబితాగానే ముగుస్తుంది. అందుకే గ్రామసభకు కనీసం నెల ముందే కార్యదర్శి, సర్పంచి, ఉపసర్పంచి కూర్చుని వచ్చే ఏడాది పంచాయతీకి ఎంత వస్తుంది, అందులో ఎంత ఇప్పటికే కట్టుబడి ఉంది, నిజంగా మన చేతిలో మిగిలేది ఎంత అన్న మూడు అంకెలు తేల్చుకోవాలి.

ఆర్థిక సంఘం గ్రాంటు, ఇంటి పన్ను, కుళాయి పన్ను, వేలం పాటలు, అద్దెలు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చే గ్రాంట్లు, స్టాంపు డ్యూటీ సర్‌చార్జి వంటి జమలు ఆదాయం కిందికి వస్తాయి. ఆర్థిక సంఘం నిధులను ఒకే మొత్తంగా చూడకూడదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పెట్టిన నియమం ప్రకారం గ్రాంటులో 60 శాతం షరతులతో కూడి ఉండేది. అందులో సగం పారిశుద్ధ్యానికీ బహిరంగ మలవిసర్జన లేని స్థితిని నిలుపుకోవడానికీ వాడాలన్నారు. మిగిలిన సగం తాగునీరు, వర్షపు నీటి సంరక్షణ, వాడిన నీటిని తిరిగి వినియోగించడం కోసం. మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గాని, జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ వాడకూడదన్నారు. తర్వాతి కాలానికి వర్తించే మార్గదర్శకాలను మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో) కార్యాలయం నుంచి తెచ్చుకుని, ఏ ఖాతా డబ్బు దేనికి వాడవచ్చో ఒక కాగితం మీద రాసి వార్డు సభ్యులందరికీ ఇవ్వాలి.

ఆ 2021-26 నియమం ప్రకారం లెక్క ఎలా ఉంటుందో చూపడానికి 600 ఇళ్ళు, 2,400 జనాభా ఉన్న ఒక ఊరిని ఊహించుకుందాం. ఆర్థిక సంఘం గ్రాంటు 18 లక్షల రూపాయలు వస్తుందనుకుంటే షరతులతో కూడిన భాగం 10.8 లక్షలు, అంటే నీటికి 5.4 లక్షలు, పారిశుద్ధ్యానికి 5.4 లక్షలు. స్వేచ్ఛగా వాడుకోదగినది 7.2 లక్షలు. సొంత ఆదాయం గత మూడేళ్ళ సగటున 4 లక్షలనుకుందాం. పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, కరెంటు బిల్లులు, ట్రాక్టరు డీజిలు, మోటారు మరమ్మతులు, బ్లీచింగు పౌడరు వంటివాటికే ఈ 4 లక్షలు సరిపోతాయి, ఒక్కోసారి చాలవు కూడా. అంటే కొత్తగా ఏదైనా చేయడానికి పంచాయతీకి నిజంగా స్వేచ్ఛ ఉన్నది 7 లక్షల చిల్లర మీదే. గ్రామసభలో వచ్చే కోరికలన్నీ కలిపితే కోటిన్నర అయిందనుకోండి, ఈ లెక్కన అవి తీరడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఈ ఒక్క అంకెను సభలో చదివి వినిపిస్తే చర్చ తీరే మారిపోతుంది. ‘మా వీధికి కూడా’ అనే మాట తగ్గి, ‘ముందు ఏది’ అనే ప్రశ్న వస్తుంది.

ఇక్కడే పన్నుల డిమాండు రిజిస్టరును కూడా బయటకు తీయాలి. వసూలు కావలసినదెంత, అయినదెంత, ఏ వీధిలో బకాయిలు పేరుకున్నాయి అన్నది తెలియకుండా పంచాయతీ తన శక్తిని అంచనా వేసుకోలేదు. పై నుంచి వచ్చే డబ్బుకు షరతులుంటాయి, ఆలస్యాలుంటాయి. ఇంటి పన్నుకు ఆ రెండూ లేవు. వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు దేశమంతా వినబడటానికి అక్కడి ప్రజలు విషయానికొక కమిటీ పెట్టుకుని బాధ్యతలు పంచుకోవడం ఒక కారణమైతే, పన్నులు పూర్తిగా కట్టే అలవాటు మరో కారణం. పన్ను కట్టిన మనిషి గ్రామసభకు వచ్చి లెక్క అడుగుతాడు. ప్రణాళికను సజీవంగా ఉంచేది ఆ అడగడమే.

కోరిక వెనుక ఉన్న సమస్యను కొలవాలి

ప్రణాళికలో అతి ముఖ్యమైన దశ ఇదే, తొందరలో వదిలేసేదీ ఇదే. జనం తమ సమస్యను సాధారణంగా పరిష్కారం రూపంలో చెబుతారు. ‘నీళ్ళు రావడం లేదు’ అనడానికి బదులు ‘కొత్త వాటర్ ట్యాంకు కట్టించండి’ అంటారు. దాన్ని అలాగే రాసుకుని అంచనా వేయిస్తే లక్షల రూపాయల పని తయారవుతుంది, సమస్య మాత్రం అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి ట్యాంకు అడిగిన ప్రతిచోటా ముందు నీటిని కొలవాలి.

పైన చెప్పిన ఊరినే తీసుకుందాం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. 2,400 మందికి 1,32,000 లీటర్లు కావాలి. ఊరిలో ఉన్న ట్యాంకు సామర్థ్యం 60,000 లీటర్లు, రోజుకు రెండుసార్లు నింపుతున్నారనుకుంటే 1,20,000 లీటర్లు, అంటే మనిషికి 50 లీటర్లు. కొరత ఉంది గాని ఊరు మొత్తం మీద అది పెద్ద కొరత కాదు. అయినా ఎస్సీ కాలనీ వాళ్ళు నీళ్ళు రావడం లేదంటున్నారు. వారి మాటా నిజమే, ఈ లెక్కా నిజమే. తేడా ఎక్కడుందో తెలియాలంటే నీళ్ళు వదిలే సమయంలో ఒక 15 లీటర్ల బకెట్టు, గడియారం పట్టుకుని ట్యాంకు పక్క వీధిలో మొదటి కుళాయి దగ్గరా, లైను చివర కాలనీలో ఆఖరి కుళాయి దగ్గరా నిలబడాలి. మొదటి చోట బకెట్టు నిమిషంలో నిండి, ఆఖరి చోట ఆరు నిమిషాలు పట్టిందనుకుందాం. గంటసేపు నీళ్ళు వదిలితే మొదటి ఇంటికి 60 బకెట్లు, చివరి ఇంటికి 10 బకెట్లు దొరుకుతాయి. పది బకెట్లంటే 150 లీటర్లు, నలుగురున్న కుటుంబంలో మనిషికి 37 లీటర్లు మాత్రమే. మొదటి వీధిలో కుళాయికి నేరుగా మోటారు బిగించిన ఇళ్ళు ఉంటే చివరి ఇంటికి అదీ రాదు.

ఈ సమస్యకు కొత్త ట్యాంకు మందు కాదు. కాలనీ లైనుకు విడిగా గేటు వాల్వు పెట్టి వేరే సమయంలో నీళ్ళు వదలడం, పైపు లీకులు కట్టడం, కుళాయిలకు మోటార్లు బిగించకూడదని తీర్మానం చేసి అమలుచేయడం అసలు మందు. ఖర్చు ట్యాంకు అంచనాలో చిన్న భాగం. దానికి కావలసింది ఎక్కువగా పాలకవర్గం ధైర్యం, ఎందుకంటే మోటారు బిగించిన ఇల్లు తరచు ఊరిలో పలుకుబడి ఉన్నవారిదే అయి ఉంటుంది. పైగా ఇలా కొలిచిన వివరం చేతిలో ఉంటే గ్రామీణ నీటి సరఫరా విభాగపు సహాయ ఇంజినీరు (ఏఈ) కూడా కాదనలేని ఆధారం మనకు దొరుకుతుంది.

మిగతా రంగాలకూ ఇదే పద్ధతి. అంగన్‌వాడీ భవనానికి రంగులు వేయించమని అడిగితే, ముందు అంగన్‌వాడీ టీచరు దగ్గర బరువు తక్కువ పిల్లల పట్టిక చూడాలి. ఆసుపత్రి కావాలంటే, గత ఏడాది జ్వరాలు ఏ నెలలో, ఏ వీధిలో ఎక్కువ వచ్చాయో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల రిజిస్టర్లు చెబుతాయి. బడి మానేసిన పిల్లల పేర్లు ప్రధానోపాధ్యాయుని వద్ద, పింఛను అందని వృద్ధుల పేర్లు మహిళా సంఘాల వద్ద ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థలో ఇంజినీరింగ్, సంక్షేమ, డిజిటల్ సహాయకులు ఒకే చోట ఉన్నందున ఈ వివరాలు సేకరించడం ఇంకా సులువు కావాలి. కొత్త సర్వేలు మొదలుపెట్టే ముందు ఊరిలో ఇప్పటికే ఉన్న రిజిస్టర్లను ఒక బల్ల మీదికి తేవాలి. ఈ వివరాలన్నీ మూడు నాలుగు పేజీల స్థితి నివేదికగా, అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయాలి. అందులో కనీసం ఒక పేజీ ఊరి పటం ఉండాలి. నీళ్ళు అందని ఇళ్ళు, మురుగు నిలిచే చోట్లు, వీధి దీపం లేని దారులు ఆ పటంలో గుర్తిస్తే వెనుకబాటు ఏ వైపు పేరుకుందో చెప్పనవసరం లేకుండానే కనబడుతుంది.

గ్రామసభ ఎలా జరపాలి

గ్రామసభను సంతకాల కోసం కాకుండా నిర్ణయం కోసం జరపాలంటే ముందు సమయం చూసుకోవాలి. నాట్లు, పత్తి తీత సాగుతున్న రోజుల్లో ఉదయం పదకొండుకు సభ పెడితే కూలికి వెళ్ళేవారెవ్వరూ రారు. చీకటి పడ్డాక పెట్టిన సభకు మగవారు వస్తారు గాని, వంట పనిలో ఉన్న ఆడవారు రాలేరు. అందుకే ప్రధాన సభకు ముందు వార్డు సభలు, మహిళా సంఘాల సమావేశం విడివిడిగా జరిపి, అక్కడ తేలిన మాటలను రాసుకుని సభకు తేవడం మేలు. స్వయం సహాయక సంఘాల గ్రామ సమాఖ్య తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను జీపీడీపీలో చేర్చాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. దాన్ని చివర అనుబంధంగా కుట్టి వదిలేయకుండా సభలో చదివించాలి. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డు ప్రాంతాల్లో, పంచాయతీ వ్యవస్థను అక్కడికి విస్తరించిన 1996 నాటి పీసా చట్టం ప్రకారం గూడెం స్థాయి గ్రామసభకే ప్రణాళికను ఆమోదించే అధికారం ఉంది కాబట్టి, పంచాయతీ కేంద్రంలో పెట్టిన ఒక్క సభతో సరిపెట్టడం అక్కడ చెల్లదు.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిపి ఉపాధి హామీ పనులపై చర్చించారు. ఇలాంటి పెద్ద సందర్భాలు జనాన్ని రప్పిస్తాయి. అయితే ఆ రోజు మాట్లాడిన విషయం తర్వాతి సభలో ఎంతవరకు వచ్చిందన్నదే అసలు పరీక్ష. ప్రతి సభనూ గత సభ తీర్మానాల స్థితి చదవడంతోనే మొదలుపెట్టే నియమం పెట్టుకుంటే, మొదటి రెండు సభల్లో ఇబ్బందిగా ఉన్నా, మూడో సభ నాటికి జనానికి నమ్మకం కుదురుతుంది.

సభలో ముందుగా డబ్బు లెక్క, తర్వాత స్థితి నివేదిక చదవాలి. ఆ తర్వాతే అభిప్రాయాలు అడగాలి. వరుస మారితే ఫలితమూ మారుతుంది. కోరికలన్నీ విన్నాక డబ్బు లేదని చెబితే అది సాకుగా వినబడుతుంది.

కేరళలో 1996 ఆగస్టు 17న మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమం నుంచి ఒక మెట్టును మనం తప్పక తెచ్చుకోవాలి. అక్కడ రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చారు. మనకు అంత డబ్బు లేదన్నది నిజమే. అయితే గ్రామసభకూ, తుది ప్రణాళికకూ మధ్య వారు అభివృద్ధి సదస్సు జరిపేవారు. గ్రామసభలో వచ్చిన మాటలను, గణాంకాలను దగ్గర పెట్టుకుని ప్రతినిధులు, ఉద్యోగులు, విషయం తెలిసిన స్థానికులు ఒక రోజంతా కూర్చుని ప్రాధాన్యాలు తేల్చేవారు. ఆ తర్వాత రంగాలవారీగా కార్యబృందాలు పనుల వివరాలు రాసేవి. మన ఊళ్ళలో రిటైరైన ఉపాధ్యాయులు, లైన్‌మన్లు, వ్యవసాయ విస్తరణ అధికారులు, డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న యువకులు లేని ఊరు లేదు. వారిలో పది పదిహేను మందిని కూర్చోబెట్టి అలాంటి సదస్సు ఒకటి జరపడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు. తెలంగాణ చట్టం చెప్పిన పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనుల స్థాయీ సంఘాలను కార్యబృందాలుగా వాడుకోవచ్చు.

రెండు లక్ష్యాలు చాలు, మూడు ఎక్కువే

ఇక ఎంపిక. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను గ్రామాలకు అన్వయించి తొమ్మిది ఇతివృత్తాలు ఇచ్చింది: పేదరికం లేని గ్రామం, ఆరోగ్య గ్రామం, బాలల హిత గ్రామం, నీటి సమృద్ధి ఉన్న గ్రామం, పచ్చదనం పరిశుభ్రత ఉన్న గ్రామం, మౌలిక వసతుల్లో స్వయం సమృద్ధ గ్రామం, సామాజిక న్యాయం భద్రత ఉన్న గ్రామం, సుపరిపాలన గ్రామం, మహిళా హిత గ్రామం. తొమ్మిదింటినీ ఒకే ఏడాది పట్టుకున్న పంచాయతీ ఏ ఒక్కదాన్నీ పట్టుకున్నట్టు కాదు. స్థితి నివేదికలో ఎక్కువమందిని, అందులోనూ బలహీనులను ఎక్కువగా బాధిస్తున్న రెండు విషయాలు ఎంచుకుని, స్వేచ్ఛగా వాడుకోదగిన డబ్బులో పెద్ద భాగాన్ని వాటికే పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇందుకు అడ్డొచ్చేది వార్డులవారీ సమాన పంపకం. పది వార్డులుంటే పది భాగాలు చేసి, వార్డుకు 70 వేలు చొప్పున ఇచ్చేస్తే ఏ సభ్యుడూ అలగడు. ఆ 70 వేలతో పూర్తయ్యే పనీ ఉండదు. సగం కాలువ, పావు రోడ్డు మిగులుతాయి. సగంలో ఆగిన కాలువ మురుగును తీసుకెళ్ళి ఇంకొకరి గుమ్మం ముందు వదులుతుంది. దీన్ని నేరుగా ఎదిరించడం కష్టమే గాని ఒక మార్గం ఉంది. ఐదేళ్ళ దృష్టి పెట్టుకుని, ఏ సంవత్సరంలో ఏ ప్రాంతం వంతు వస్తుందో మొదటి ఏడాదిలోనే తీర్మానంగా రాసి, కారణం కూడా రాసి సంతకాలు చేయించాలి. ఈ ఏడాది తన వార్డుకు పని రాకపోయినా మూడో ఏడాది వస్తుందన్న హామీ మినిట్స్ పుస్తకంలో ఉంటే సభ్యుడు తన ఓటర్లకు చెప్పుకోగలడు.

ఎంచుకున్న లక్ష్యాన్ని పని పేరుతో రాయకూడదు, ఫలితం పేరుతో రాయాలి. ‘కాలనీకి పైపులైను, 3 లక్షలు’ అనేది పని. ‘వచ్చే మార్చి నుంచి, ఏప్రిల్, మే నెలల్లో కూడా, లైను చివరి కుళాయి దగ్గర 15 లీటర్ల బకెట్టు నాలుగు నిమిషాల్లో నిండాలి’ అనేది లక్ష్యం. గంటకు 15 బకెట్లు, 225 లీటర్లు, నలుగురున్న ఇంట్లో మనిషికి 56 లీటర్లు, అంటే ప్రమాణం చేరినట్టే. ఈ వాక్యాన్ని కాలనీలో చదువురాని మనిషి కూడా సరిచూడగలడు. అలా ఎవరైనా సరిచూడగలిగినప్పుడే అది లక్ష్యం. ఎవరూ సరిచూడలేని ‘సమగ్ర నీటి భద్రత సాధించుట’ వంటి వాక్యాలు ప్రణాళికలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ప్రతి లక్ష్యం కింద నాలుగు విషయాలు తప్పక ఉండాలి: ఇప్పటి స్థితి, చేరవలసిన స్థితి, దానికి చేయవలసిన పనులు, ప్రతి పనికీ బాధ్యుడైన ఒక మనిషి పేరు. ‘పంచాయతీ’ అని రాస్తే బాధ్యుడు లేనట్టే. వాల్వు తిప్పే మనిషి ఎవరో, అతను రాని రోజున ఎవరో కూడా రాయాలి. కొత్తగా కట్టే ప్రతిదానికీ ఏటా అయ్యే నిర్వహణ ఖర్చును పక్కనే వేయాలి. బోరు వేయడానికి డబ్బు దొరుకుతుంది, దాని కరెంటు బిల్లుకు దొరకదు. అలా ఆగిపోయిన నీటి పథకాలు రెండు రాష్ట్రాల్లోనూ కనబడతాయి.

డబ్బు అక్కర్లేని పనులకూ ప్రణాళికలో చోటు ఇవ్వాలి. అంగన్‌వాడీ రోజూ వేళకు తెరవడం, బడి మానేసిన పిల్లల ఇళ్ళకు వార్డు సభ్యులు వెళ్ళడం, బాల్య వివాహాలను ఆపడం, తడి చెత్త పొడి చెత్త విడిగా ఇవ్వడం, ఇలాంటివి అంచనాలు లేనందున జాబితాలో ఎక్కవు. పెద్ద మార్పులు చాలావరకు వీటితోనే వస్తాయి. ఉపాధి పనుల కింద చేయదగిన ఫారం పాండ్లు, పొలం బాటలు, మొక్కల పెంపకం వంటివి పంచాయతీ సొంత డబ్బుతో చేయకుండా ఆ పథకం వైపే మళ్ళించి, సొంత డబ్బును ఇతరత్రా దొరకని అవసరాలకు మిగుల్చుకోవాలి. తెలంగాణలో బడ్జెటులో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్న చట్ట నియమం ఉంది కాబట్టి, ఆ మొత్తాన్ని మొక్కలు నాటడానికే కాక నాటినవాటికి నీళ్ళు పోయడానికీ పెట్టేలా రాసుకోవాలి.

ఆన్‌లైన్ పని

ఆమోదం పొందిన ప్రణాళికను 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ప్రణాళికలో లేని పనికి ఆర్థిక సంఘం నిధుల చెల్లింపు కుదరదు. అందుకే కొందరు ‘ఎందుకైనా మంచిది’ అని ఊహకందిన పనులన్నీ ఎక్కిస్తారు. దానివల్ల ప్రాధాన్యం మాసిపోతుంది. అత్యవసరాలకు మరమ్మతుల పద్దు ఒకటి విడిగా పెట్టుకుని, మిగిలినవి లక్ష్యాలకు సంబంధించినవే ఉండాలి. ఎక్కించిన తర్వాత ఆ పేజీలను ముద్రించి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. పోర్టల్‌లో ఏ గ్రామస్థుడైనా తన ఊరి ప్రణాళికను, చెల్లింపులను చూడవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. మైకులో చెప్పించడం కార్యదర్శి బాధ్యతగా భావించాలి.

ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

నిధుల వినియోగ శాతాన్ని విజయంగా చూపించడం మన కార్యాలయాల్లో స్థిరపడిపోయిన అలవాటు. ‘95 శాతం ఖర్చు చేశాం’ అన్న వాక్యం డబ్బు గురించి చెబుతుంది, ఊరి గురించి ఏమీ చెప్పదు. కాబట్టి సమీక్షలో ప్రతి లక్ష్యానికీ మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. డబ్బు ఖర్చయిందా? పని పూర్తయిందా? స్థితి మారిందా? మొదటిదానికి క్యాష్ బుక్, రెండోదానికి పనుల కొలతలు రాసే ఎంబుక్ జవాబు చెబుతాయి. మూడోదానికి మాత్రం మొదట కొలిచిన చోటనే, అదే పద్ధతిలో, అదే నెలలో మళ్ళీ కొలవాలి. జూలైలో కొలిచి ఏప్రిల్‌తో పోలిస్తే నీటి విషయంలో అబద్ధపు విజయం కనబడుతుంది.

మూడు నెలలకొకసారి, గంటన్నరకు మించకుండా సమీక్ష జరపాలి. ఎంపీడీవోను గాని, తెలంగాణలో మండల పంచాయతీ అధికారిని గాని ఏడాదికి ఒకసారైనా ఆ సమీక్షకు పిలవాలి. కొలిచే పని పాలకవర్గానిది కాకుండా మహిళా సంఘాలదో, ఉన్నత పాఠశాల విద్యార్థులదో అయితే ఫలితం మీద అనుమానాలు రావు. పని పూర్తయి కూడా స్థితి మారకపోతే దాన్ని దాచకూడదు. అప్పుడు మన రోగ నిర్ధారణే పొరపాటు కావచ్చు. వాల్వు పెట్టినా కాలనీకి నీళ్ళు రాలేదంటే పైపు లోపల పేరుకున్న గారో, లైను ఎత్తు తేడానో, మళ్ళీ బిగించిన మోటార్లో కారణం కావచ్చు. అది తెలుసుకుని మిగిలిన డబ్బును దారి మళ్ళించగలిగినప్పుడే ఏటా ప్రణాళిక వేయడానికి అర్థం ఉంటుంది.

ఇతర ఊళ్ళతో పోల్చుకోవడానికి పంచాయతీ పురోగతి సూచీ ఉంది. 2022-23 వివరాల ఆధారంగా 2025 ఏప్రిల్‌లో విడుదలైన ఆ సూచీలో 2.16 లక్షలకు పైగా పంచాయతీలకు మార్కులు వేశారు. దేశంలో ఒక్క పంచాయతీ కూడా 90 మార్కులు దాటే అత్యున్నత శ్రేణికి చేరలేదు. తర్వాతి శ్రేణిలో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270 పంచాయతీలున్నాయి. మన పంచాయతీ మొత్తం మార్కు కంటే ఏ ఇతివృత్తంలో తక్కువ వచ్చిందన్నది ముఖ్యం. అలా చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మార్కు తగ్గడానికి కారణం స్థితి బాగాలేకపోవడమా, వివరాలు సరిగా నమోదు కాకపోవడమా అన్నది ముందు తేల్చుకోవాలి. మార్కు పెంచడం కోసం వివరాలు సర్దడం మొదలైతే ఆ సూచీ ఆ ఊరికి ఇక పనికిరాదు.

పంచాయతీ చేతిలో లేనివి కూడా ఉన్నాయని నిజాయితీగా చెప్పాలి. నిధులు ఆలస్యంగా విడుదలవుతాయి. ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుంది. 29 అంశాల్లో చాలావాటికి సిబ్బంది, బడ్జెటు ఇంకా శాఖల దగ్గరే ఉన్నాయి. పాఠశాలలో ఉపాధ్యాయుడు లేకపోతే సర్పంచి నియమించలేడు. ఇలాంటి వాటిని లక్ష్యాల్లో కలిపి విఫలమైనట్టు చూపించుకోకుండా, ‘పై స్థాయికి పంపవలసినవి’ అని విడి భాగంగా రాసి, ఏ అధికారికి ఏ తేదీన తీర్మానం పంపామో, జవాబు ఏం వచ్చిందో నమోదు చేయాలి. మండల, జిల్లా ప్రణాళికలు తయారయ్యే సమయంలో, 243జెడ్‌డి అధికరణం చెప్పిన జిల్లా ప్రణాళికా సంఘం ముందు కూడా, అలాంటి లిఖితపూర్వకమైన వరుస ఉన్న పంచాయతీ మాటకు బలం ఉంటుంది.

ఆఖరుగా ఒక రిజిస్టరు గురించి. కార్యదర్శులు బదిలీ అవుతారు, పాలకవర్గాలు మారతాయి, వారితోపాటు ఊరి జ్ఞాపకమూ వెళ్ళిపోతుంది. మొదటి సంవత్సరం కొలతలు, ఊరి పటం, ఐదేళ్ళ వంతుల తీర్మానం, ప్రతి మూడు నెలల సమీక్ష, వదులుకున్న పనులు, వాటిని ఎందుకు వదులుకున్నామన్న కారణం, వాల్వులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పైపులైను నక్షా, ఇవన్నీ ఒకే ప్రణాళికా రిజిస్టరులో పేజీ నంబర్లు వేసి ఉంచాలి. చార్జి అప్పగించే జాబితాలో క్యాష్ బుక్, మినిట్స్ పుస్తకాల సరసన దీన్నీ చేర్చి, తీసుకున్నవారి సంతకం చేయించాలి. దాని నకలు ఒకటి గ్రామ సమాఖ్య కార్యాలయంలో ఉండాలి.